కిందూరి తాళ్ళు

రెండేళ్ళుగా వానలు సరిగా లేవు. ఈ ఎండాకాలం సాగర్ ఆనకట్ట వెనక నీళ్ళు ఎంతగా దిగిపోయాయంటే, అడుగున మునిగిన ఊళ్ళ గోడలు బయటపడ్డాయని బండ్లవాళ్ళు చెప్పారు. ఆ మాట మా వాడకు ఒక పొద్దున వచ్చింది. అన్నాలవేళకు ముసలివాళ్ళందరూ అరుగుల మీదికి చేరారు.

"మన ఊరు తేలిందట" అన్నాడు ఒక తాత.

"తేలుడేంది, అదేమన్న తెప్పనా? నీళ్ళే పోయినయి" అన్నాడు ఇంకో తాత.

నేను లోపల చేటలో బియ్యం ఏరుతున్నాను. చేతులు ఆగిపోయాయి. లేచి, నా పెట్టె అడుగున బట్టల కింద ఉన్న పుస్తకం ఉందో లేదో తడిమి చూసుకున్నాను. ఉంది.

ఆ ఊరి గురించి ఒకప్పుడు నేను సగం పుస్తకం రాశాను. ఊరిని మాత్రం చూడలేదు. నీళ్ళు వచ్చేనాటికి నాకు రెండేళ్ళు. బండిలో కుండల మధ్య గడ్డి వేసి పడుకోబెట్టి తెచ్చారట. ఆ ఊరి పేరు ఇక్కడ కూడా రాయను. ఎందుకు రాయనో తర్వాత చెబుతాను.

సాగర్ కట్టాక మా వాళ్ళంతా బాన్సువాడ పక్కన గుడిసెలు వేసుకున్నారు. తర్వాత మట్టిగోడలు లేచాయి, పెంకులు పడ్డాయి, భూములు దొరికాయి. ఊళ్ళోవాళ్ళు మాత్రం మమ్మల్ని "మునిగినోళ్ళు" అనేవారు. ఎవరి ఇల్లు ఎక్కడని అడిగినా "గా మునిగినోళ్ళ పక్కన" అని చెప్పేవారు. బడిలో పిల్లలు నా చెవుల వెనక జుట్టు ఎత్తి చూసేవాళ్ళు. "ఏయ్, మునిగినోళ్ళ పొల్లా! నీకు మొప్పలు ఉన్నయా? సూపియ్యి!" అనేవాళ్ళు. నేను బదులు చెప్పేదాన్ని కాదు. ఎవరికీ, దేనికీ బదులు చెప్పేదాన్ని కాదు. బడిలో ఉర్దూ చదివేవాళ్ళం. తెలుగు అక్షరాలు మాత్రం నాయిన ఇంట్లో పలక మీద దిద్దించాడు. మాట నోట్లోంచి రాని పిల్లకు అక్షరాలు దొరికితే ఏమవుతుందో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు.

ఒకే కప్పు కింద పెద్దనాయినవాళ్ళు, మేము, మా అవ్వ ఉండేవాళ్ళం. అవ్వ అంటే నాయినవాళ్ళ అమ్మ. పెద్దనాయిన బిడ్డ నాకంటే నాలుగేళ్ళు పెద్దది. దాన్ని నేను అక్కా అనేదాన్ని. నా వంతు మాటలు కూడా అదే మాట్లాడేది. గానుగ దగ్గర బెల్లం పొంగుతుంటే నన్ను ముందుకు తోసి, "మా చెల్లె మూగది, జర ఇంత పాకం పెట్టున్రి" అని చెరకు గెడ చివర పాకం ముంచుకొని వచ్చేది. సగం దారిలోనే తను నాకేసి, ఉత్త గెడ నాకిచ్చేది. ఆ గెడ చప్పరించినా తీపే. మడ్డి నురగ, కాలిన చెరకు పిప్పి, తడిమట్టి కలిసిన ఆ వాసన ఇప్పటికీ ముక్కుకు తగిలితే నా నాలుక చివర చురుక్కుమంటుంది.

చెరకు, వరి, ఆ పచ్చదనం అంతా కాలువ వల్లనే. సాగర్ నుంచి వచ్చే ఆ కాలువ మా వాడ వెనకనుంచే పారేది. ఊరంతా ఆ నీళ్ళు తాగేది. అవ్వ తాగేది కాదు. వాడ నడుమ బాయి తవ్వారు. కాస్త ఉప్పగా ఉండే ఆ నీళ్ళే ఆమెకు. "మా ఇండ్ల మీద నిలబడ్డ నీళ్ళు నోట్లె ఎట్ల పోసుకోను?" అనేది.

అక్క ఊరుకునేది కాదు. "అవ్వా, నీళ్ళు తాగవు గని, గా నీళ్ళతోని పండిన బువ్వ తింటవా?"

"కోపం నీళ్ళ మీదనే. బియ్యం ఏం జేసింది పాపం?" అని అవ్వ ఇంకో ముద్ద కలిపేది. ఎల్లిపాయ కారం, పచ్చిపులుసు, పక్కన ఒక ఉల్లిగడ్డ. ఆమె ముద్ద కలుపుతుంటే చేతిగాజులు కంచానికి తగిలేవి కావు. తాత పోయినప్పుడే గాజులు తీసేశారు.

అవ్వ కాలువ నీళ్ళు తాగకపోయినా, బట్టలు మాత్రం అక్కడే ఉతికేది. నన్ను వెంట తీసుకుపోయేది. ఒకరోజు నీళ్ళలో ఒక సొరకాయ బుర్ర కొట్టుకొచ్చింది. మెడ దగ్గర ఎవరో కట్టిన దారం ఇంకా ఉంది. నేను దాన్ని అందుకుని, ఎందుకన్నానో తెలియదు, "అవ్వా, ఇది మన ఊరునుంచి వచ్చింది" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పిండుతున్న చీరను బండ మీద పెట్టి కూర్చుంది. "ఎవరు పంపిన్రు?" అంది.

"అక్కడున్నోళ్ళు."

"ఎవరెవరున్నరు ఆడ?"

నన్ను ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగిన మొదటి మనిషి ఆమె. ఆరోజు మాట్లాడినంతసేపు, పుట్టి బుద్ధెరిగాక నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ ఊరికి నేను కిందూరు అని పేరు పెట్టాను. కిందూరి ఆకాశం నీళ్ళ పైభాగమే. పైన చేపలవాళ్ళ పుట్టి పోతే కింద మబ్బు పట్టినట్టు. పుట్టి నీడ పడగానే పిల్లలు ఆరేసిన వడ్లు ఎత్తడానికి ఉరుకుతారు. కిందూరిలో మాట వినబడదు, కనబడుతుంది. నోట్లోంచి బుడగ వస్తుంది. దాన్ని పట్టుకొని చెవి దగ్గర పగలగొట్టుకుంటే మాట వినిపిస్తుంది. పట్టుకోకపోతే పైకి పోయి ఊరికే పగులుతుంది. సాగర్ మీద అక్కడక్కడ లేచే బుడగలన్నీ ఎవరూ పట్టుకోని మాటలే. దాచుకోవలసిన మాటలను సొరకాయ బుర్రల్లో పోసి మూతి కడతారు. అక్కడి బర్రెలు వాలుగ చేపలు. పాలు పితికితే నీళ్ళలో కలిసిపోవు, తెల్లని దారంలా సాగుతాయి. వాటిని కండెలకు చుట్టుకొని ఇంటికి తెస్తారు. నిప్పు ఉండదు కాబట్టి, ఎండాకాలమంతా ఎండను తాగిన బండల మీద వానకాలం వంట చేసుకుంటారు.

"ఉప్పు?" అని అడిగేది అవ్వ.

"ఏడ్చినోళ్ళ దగ్గర అడిగి తెచ్చుకుంటరు."

"గట్లనా. అయితే ఉప్పుకు కరువు లేదు" అనేది.

ఆ మాటలన్నీ సాయంత్రం దీపం పెట్టకముందే రాసుకునేదాన్ని. బడి నుంచి తెచ్చిన ఉర్దూ పుస్తకం కుడివైపునుంచి మొదలవుతుంది కదా. ఎడమవైపునుంచి నా తెలుగు మొదలుపెట్టాను. ఒకవైపునుంచి లెక్కలు, ఒకవైపునుంచి కిందూరు, రెండూ నడుమకు జరిగేవి. పుస్తకం అవ్వ తన చెక్కపెట్టెలో దాచేది. ఆమెకు చదువు రాదు. అప్పుడప్పుడు తెరిచి, ఏదో ఒక వరుస మీద వేలు పెట్టి, "ఇండ్ల ఏముంది?" అని అడిగేది. నేను చదివేదాన్ని.

కొన్నాళ్ళకు ఆమె ఒకే మనిషి గురించి అడగడం మొదలుపెట్టింది.

నాకొక మేనత్త ఉండేదట. ఆరేళ్ళప్పుడు అమ్మవారు పోసి చనిపోయిందట. పెరటి చేనులో గట్టు పక్కన పూడ్చారు. తర్వాత ఊరితోపాటు ఆ చేనూ మునిగింది. ఇంట్లో ఎవరూ ఆమె మాట ఎత్తరు. అవ్వే, బట్టలు ఉతుకుతూ, నా ముఖం చూడకుండా అడిగింది. "ఆడ ఒక చిన్న పోరి ఉండాలె. కనబడ్డదా?"

నాకప్పుడు పదేళ్ళు. నాకంటే చిన్నదైన మేనత్త నాకు భలే నచ్చింది. "ఉంది. చేపదూడలను కాస్తది" అన్నాను.

ఆనాటినుంచి రోజూ అదే. "ఇయ్యాల ఏం జేసింది?" నేను చెప్పేదాన్ని. ఇవాళ దూడ తప్పిపోయింది. ఇవాళ కిందూరికి కావలి కాసే తలారి తాతతో కొట్లాడి బుడగల నిండా తిట్లు ఊదింది. ఇవాళ కొత్త లంగా కట్టుకుంది. "ఏం రంగు?" అనేది అవ్వ. ఆకుపచ్చ అన్నాను. అవ్వ చేతులు నీళ్ళలో అలాగే ఉండిపోయాయి. ఆకుపచ్చ లంగా నిజంగా ఉండేదేమో, నాకు తెలియదు. అడగలేదు. నా కథ బాగా కుదిరిందనుకొని మురిసిపోయాను.

కిందూరి గురించి నేను చివరగా రాసింది తాళ్ళ సంగతి. నీళ్ళలో ఇండ్లు నిలవవు, తేలిపోవాలని చూస్తుంటాయి. అందుకని ప్రతి ఇంటి దూలానికీ ఒక జనపతాడు కట్టి, రెండో కొస ఊరి బొడ్రాయికి కట్టారు. బొడ్రాయి అంటే ఊరు కట్టే రోజున నడిబొడ్డున పాతే రాయి. మా వాళ్ళు వచ్చేటప్పుడు దాన్ని తేలేదు, తేకూడదు. పాతిన బొడ్రాయిని పెకిలించరు. అలా అది అక్కడే ఉండిపోయింది. కిందూరంతా దానికి కట్టేసి ఉంటుంది. తలారి తాత రోజూ ముళ్ళు చూసుకుంటూ తిరుగుతాడు. పైనున్నవాళ్ళు ఎప్పుడు ఇంకో బొడ్రాయి పాతుకుంటారో, అప్పుడు కింద ముళ్ళు వాటంతట అవే ఊడిపోతాయి. ఇండ్లు ఒక్కొక్కటే కొట్టుకుపోతాయి.

కథలో ఏదో ఒక గండం ఉండాలి కదా అని అది రాశాను. అంతకుమించి ఏమీ లేదు.

ఆ ఏడే అక్కకు సంబంధం వచ్చింది. నస్రుల్లాబాద్ దిక్కునుంచి. పిల్లవాడు మంచివాడు, నీళ్ళపారకం పొలం ఉంది. చూడవచ్చిన పెద్దలు కుడుములు తిన్నారు, మజ్జిగ తాగారు, అక్కను మెచ్చుకున్నారు. పోయేముందు ఒక ముసలాయన చేయి కడుక్కుంటూ అన్నాడు. "అన్నీ మంచిగనే ఉన్నయి. గని మీ వాడకు బొడ్రాయి లేదంట గద. బొడ్రాయి లేని ఊరి పిల్లను మా ఇంట్ల తెచ్చుకోరు. మీరు రాయి పాతుకున్ననాడు మేం పసుపు కుంకుమ తెస్తం."

పెద్దనాయిన చెడ్డవాడు కాదు. వాడలో పసిపిల్లలు జ్వరాలతో పోతుంటే, పశువులు పడిపోతుంటే, ఎన్నో ఏళ్ళుగా అందరూ ఆ మాటే అంటున్నారు. బొడ్రాయి లేదు, అందుకే. ఆ సంబంధంతో పెద్దనాయిన పట్టు పట్టాడు. రాయి చెక్కించారు. మంచిరోజు చూశారు. ఆడబిడ్డలను పుట్టింటికి పిలిపించారు. ఆ రోజు వాడ పొలిమేరలు కట్టేస్తారు. లోపలివాళ్ళు బయటికి పోరు, బయటివాళ్ళు లోపలికి రారు. ఇంటికొక బిందె చొప్పున రాయి మీద నీళ్ళు పోస్తారు. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. మొదటి బిందె ఊరు కట్టిన ఇంటి పెద్దకోడలిది. ముత్తైదువా కాదా అన్న పట్టింపు ఆ ఒక్కరోజు లేదు. ఆమె బిందె ఎత్తితేనే తక్కినవాళ్ళు ఎత్తాలి. ఊరు కట్టిన ఇల్లు మాది. పెద్దకోడలు మా అవ్వ.

ఇంకో పద్ధతి కూడా ఉంది. కొత్త రాయి మీద నీళ్ళు పోసినవాళ్ళు పాత ఊరి పేరు మళ్ళీ నోట అనకూడదు. పెద్దల అమావాస్య పెత్రమాసకు పాత ఊరివాళ్ళ పేరున బియ్యం ఇవ్వకూడదు. ఆ ఊరు చచ్చినట్టు.

ఆ పొద్దున వాడంతా పచ్చి పేడతో అలికిన వాసన. మామిడాకులు, తడిసిన పసుపు, పొయ్యిల మీద పరమాన్నం. చెరకాకు పందిరి కింద కొత్త రాయి, దాని ముందు గుంట. ఇత్తడి బిందెలు వరుసగా ఉన్నాయి. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు. అవ్వ తన బిందె దగ్గర నిలబడి అంది.

"నేను ఎత్తను."

డప్పు ఆగింది. పెద్దనాయిన దగ్గరికొచ్చాడు. "ఎందుకమ్మా? పాణం మంచిగ లేదా?"

"ఊరు సచ్చినంకనే ఇంకో రాయి పాతాలె. మా ఊరు సావలే."

"నీళ్ళల్ల మునిగి ఎనిమిదేండ్లు దాటె..."

"మునిగింది. సావలే. మనుషులున్నరు. ఇండ్లు బొడ్రాయికి కట్టేసి ఉన్నయి. ఈడ రాయి పాతితే ఆడ తాళ్ళు ఊడుతయి." ఆమె చేయి ఎత్తి నన్ను చూపించింది. "నా మనుమరాలికి ఎరుకే. అడుగున్రి."

ముఖాలన్నీ నా వైపు తిరిగాయి. నా జన్మలో అన్ని కళ్ళు నన్ను ఎప్పుడూ చూడలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. కానీ వరుసలో ముందున్న ఒక ముసలాయన నవ్వలేదు. "నవ్వకున్రి. చిన్నపిల్లల నోట్లె దేవుడు పలుకుతడు. పొల్ల ఔనంటే ఈ యేడు ఆపుదాం. ఏమైతది?" అన్నాడు. చాలామంది తలలు ఊపారు. వాళ్ళకూ లోపల భయంగానే ఉంది.

పెద్దనాయిన నా ముందు గొంతుకూర్చున్నాడు. తిట్టలేదు, బెదిరించలేదు. "చదువుకున్న బిడ్డవు. నువ్వు అబద్ధమాడవు. చెప్పు బిడ్డా, ఆడ ఎవలన్న ఉన్నరా?" అన్నాడు. పందిరి ఎదురుగా మా ఇంటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. చేతులనిండా పసుపు. ఎప్పుడూ ఏదో ఒకటి అంటుండే నోరు మూసుకొని నన్నే చూస్తున్నది.

నేను అవ్వ వైపు చూశాను. పాపం, నమ్మింది అనుకున్నాను. నేను ఆడుకుంటూ అల్లినదంతా నిజమనుకుని నలుగురిలో నిలబడి చెబుతున్నది అనుకున్నాను. నా వల్ల ఆమె నవ్వులపాలవుతున్నదని సిగ్గేసింది. నిజం చెప్పడమే ఆమెకు మేలు చేయడం అనుకున్నాను. ఇదంతా ఇప్పుడు ఇంత నిదానంగా రాస్తున్నాను కానీ, ఇందులో ఎంత జాలి ఉందో, ఆ కళ్ళన్నీ నా మీదినుంచి తొలగిపోతే చాలన్న తపన ఎంత ఉందో, నాకు తెలుసు. రెండోదే ఎక్కువ.

"లేరు. నేనే రాసిన. అంత ఉత్తదే" అన్నాను.

"ఉత్తదేనట!" అని ఎవరో గట్టిగా అన్నారు. పందిరంతా నవ్వింది. భయం తీరిన నవ్వు. "ఆడపొల్లకు సదువు చెప్పిస్తే గిట్లనే ఉంటది మరి!" అంటే, "ముసలామె కూడ పొల్ల లెక్కనే అయింది" అని ఇంకొకరు. నాయిన తల దించుకున్నాడు. డప్పు మళ్ళీ మొదలైంది.

అవ్వ వంగి తన బిందె ఎత్తింది. నిండా ఉన్న బాయి నీళ్ళను గోడవార మొక్కకు పోసేసి, ఇండ్ల వెనకకు నడిచింది. ముఖం కడుక్కోవడానికి పోతున్నదనుకున్నారు అంతా. నేను వెంట పోయాను. ఆమె కాలువలోకి దిగి, బిందె ముంచుతున్నది.

"అవ్వా," అన్నాను, "నీకు నిజం చెప్దామని..."

"నిజమా?" ఆమె నా వైపు తిరగలేదు. "నిజం నాకు తెల్వదా బిడ్డా? పోరిని నా చేతులతోని మట్టిల పెట్టిన. అది ఆడ చేపలు కాస్తదని నువ్వు చెప్తే నమ్మినననుకున్నవా?"

బిందె బుడబుడమని నిండింది.

"ఊరంత ఒక దిక్కు నిలబడ్డది. నా దిక్కు ఒక్కదానివన్న నిలబడతవనుకున్న. ఔ అంటే అయిపోవు. ఒక్క మాట." బిందె నడుముకెత్తుకుంది. "ఇగ నడువు. ఆళ్ళు ఎదురుచూస్తున్నరు."

ఆ కాలువ నీళ్ళే ఆమె కొత్త రాయి మీద పోసింది. ఎవరూ గమనించలేదు. మా ఊరి మీద నిలబడి వచ్చిన నీళ్ళు ఆ రాయి తల మీదినుంచి జారి గుంటలోకి ఇంకిపోయాయి. తర్వాత అందరూ పోశారు. నన్నూ పొయ్యమన్నారు. పోశాను. అందుకే ఆ ఊరి పేరు ఇక్కడ కూడా రాయలేదు.

అక్క పెళ్ళి బాగా జరిగింది. ఇంకా అరటాకులు తీయకముందే అవ్వ నన్ను పిలిచి, చెక్కపెట్టెలోంచి నా పుస్తకం తీసి చేతిలో పెట్టింది. "నీది నువ్వే ఉంచుకో" అంది. కోపంగా అనలేదు. తిండి పెట్టడం మానలేదు, తల దువ్వడం మానలేదు. ఎల్లిపాయ కారం ముద్ద చివరిది ఎప్పట్లాగే నాకే. "ఇయ్యాల ఏం జేసింది?" అని మాత్రం మళ్ళీ అడగలేదు. బట్టలు ఇక బాయి దగ్గరే ఉతుక్కుంది. ఒకటి రెండుసార్లు నేనే ధైర్యం చేసి, "అవ్వా, చేపదూడ..." అని మొదలుపెట్టాను. "పోయి సదువుకో బిడ్డా" అంది.

కొత్త రాయి వచ్చిన మరుసటి వానకాలమే వాడలో వాంతులు, విరేచనాల గత్తర వచ్చింది. పిల్లలు పోయారు, పెద్దలూ పోయారు. దవాఖానకు తీసుకుపోయేదాకా కూడా ఆగలేదు కొందరు. బొడ్రాయి ఏం చేసిందని ఎవరూ అడగలేదు. అడగడానికి వీల్లేదు, రాయి ఉంది కదా. బాన్సువాడ వాళ్ళు మాత్రం అప్పుడూ ఇప్పుడూ మమ్మల్ని మునిగినోళ్ళనే అంటారు.

అవ్వ ఇంకో మూడేళ్ళు బతికింది. చివరి రోజు దాహం దాహం అంటే నేను చెంబుతో నీళ్ళు తెచ్చి పెదవులకు ఆనించాను.

"ఏ నీళ్ళు?" అంది.

"బాయి నీళ్ళే అవ్వా" అన్నాను. ఆమె ఏ నీళ్ళు తాగదో నాకు తెలుసు కదా, తప్పు చేయలేదని చెప్పుకోవాలని ఆత్రం. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. తాగలేదు. చివరికి ఆమెకు కావలసింది మా ఊరి మీది నీళ్ళేనని అప్పుడు తెలియలేదు. తెలిసేసరికి ఆమె లేదు. తెలిసినా తేగలిగేదాన్ని కాదు, ఆ నెల కాలువ బంద్ ఉంది. కానీ కాలువ నీళ్ళేనని ఒక మాట అనగలిగేదాన్ని.

పోయినవారం బండ్లు కట్టుకొని వాడవాళ్ళంతా పాత ఊరు చూడబోయారు. అక్క పుట్టింటికి వచ్చి ఉంది. దాని ఆరేళ్ళ బిడ్డ కూడా. బండిలో అక్క నా మోకాలు తట్టి నవ్వింది. "ఆరోజు నువ్వు ఔ అనుంటే నా బతుకు ఏడుండేదో! నీ పుణ్యమేనే. గీ పోరి కూడ నీ పుణ్యమే" అంది. దాని మనసులో ఏ కల్మషమూ లేదు. మొన్న నన్ను చూడవచ్చినవాళ్ళు పొల్ల మూగదా అని అడిగి వెళ్ళిన సంగతి ఎత్తి, "నువ్వు అవసరానికి ఒక్క మాట చెప్తవు గని సరిగ్గ చెప్తవు" అని కూడా అంది. పాప నా ఒళ్ళో కూర్చుని చెరకు ముక్క చప్పరిస్తున్నది. ఆ పిల్లను చూస్తూ, నేను చెప్పింది తప్పనీ అనుకోలేను, ఒప్పనీ అనుకోలేను.

ఊరంటే మోకాలెత్తు గోడలు. బీటలు వారిన ఒండ్రు, నత్తగుల్లలు, ఎండిన నాచు కంపు. ముసలివాళ్ళు కర్రలతో నేల మీద పొడుస్తూ "ఇది మా ఇల్లు, కాదు గిది" అని కొట్లాడుకుంటున్నారు. ఊరి పేరు మాత్రం ఎవరూ అనలేదు. మా ఇల్లు రెండు అర్రలు. నా పుస్తకంలో దానికి ఏడు వాకిళ్ళు. పెరటి చేను గట్టు ఎక్కడో చూపించేవాళ్ళు ఎవరూ లేరు.

నడుమ బొడ్రాయి ఉంది. నల్లగా, ఒకవైపుకు కాస్త ఒరిగి. పాత రాయి దగ్గరికి పోకూడదని ముసలివాళ్ళు దూరంగానే ఆగారు. నేను పోయాను. దాని మెడకు ఒక తాడు చుట్టి ఉంది. చేపలవాళ్ళు వల నిలవడానికి కట్టి ఉంటారు. లావుపాటి జనపతాడు, రెండు ముళ్ళు. కొస కుళ్ళి తెగిపోయి ఒండ్రులో పడి ఉంది.

పాప నా వెనకాలే వచ్చింది. "చిన్నమ్మా, గీ తాడు ఎవరు కట్టిన్రు?"

"ఈడున్నోళ్ళు. ఇండ్లు కొట్టుకపోకుండ కట్టుకున్నరు."

"ఈడ మనుషులున్నరా?"

"ఔ" అన్నాను. "ఉన్నరు. నీ అంత పోరి కూడ ఉంది. ఆకుపచ్చ లంగా కట్టుకుంటది."

నా గొంతు ఎంత గట్టిగా, ఎంత తేలిగ్గా పలికిందో. పాప చెరకు ముక్క నోట్లోంచి తీసి, తెగిన తాడు కొసను చూసింది, గోడలను చూసింది, కనుచూపు మేర ఎండి పగిలిన ఒండ్రును చూసింది.

"అబద్ధం. ఎవ్వరు లేరు" అంది. వాళ్ళమ్మ దగ్గరికి ఉరికింది.